మీదే ఊరు?

కార్క్ విమానాశ్రయం బయట ఒక కంచు విగ్రహం ఉంది. చేతిలో కర్ర పట్టుకున్న మనిషి. 2018 నవంబరులో రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, జలుబు చేసిన రెండేళ్ళ పిల్లాడితో ఆ విగ్రహం దగ్గర టాక్సీ కోసం నిలబడ్డాం. "హాకీ ప్లేయర్ అయ్యుంటాడు, వీళ్ళ ధ్యాన్‌చంద్" అన్నాను మా ఆవిడతో, అన్నీ తెలిసినట్టు. తెలుగులో అన్నాను కాబట్టి సరిపోయింది. ఇంగ్లీషులో అనుంటే టాక్సీ డ్రైవరు సామాను దించేసి వెళ్ళిపోయేవాడేమో.

ఆ మనిషి పేరు క్రిస్టీ రింగ్. ఆట పేరు హర్లింగ్. ఈ రెండు ముక్కలు తెలియడానికి నాకు వారం పట్టింది. ఆయన కథలో నాకు సంబంధించిన సంగతొకటి ఉందని తెలియడానికి దాదాపు ఏడేళ్ళు పట్టింది.

మేముండేది కార్క్ నగరానికి తూర్పున, మిడిల్టన్ వెళ్ళే రైలు లైనుకి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో. పేరు చెప్పను. చెబితే నేను రాయబోయే మనుషులందరూ ఎవరో ఊళ్ళో ఇట్టే కనిపెట్టేస్తారు. ఒక చర్చి, ఒక బడి, రెండు పబ్బులు, ఒక క్లబ్. క్లబ్ అంటే నా మనసులో ఉన్న బొమ్మ జూబ్లీహిల్స్‌లోదో, పేకాడుకునే ఆఫీసర్లదో. ఇక్కడ క్లబ్ అంటే ఒక గడ్డి మైదానం, ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గోల్‌పోస్టులు, రేకుల కప్పున్న డ్రెస్సింగ్ రూములు, చలికాలమంతా బురద.

మావాడిని 2022 వేసవిలో మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళాను. వాడికి ఆరేళ్ళు. బడిలో అందరూ వెళ్తున్నారని గొడవ చేశాడు. గేటు దగ్గర డెబ్భై దాటిన పెద్దాయన, నడుముకి తాళాల గుత్తి. (పేరు రాయను కాబట్టి ఇకమీదట తాళాల పెద్దాయన అంటాను.) మావాడి హెల్మెట్ పట్టీ బిగిస్తూ అడిగాడు: "ఎక్కడినుంచి?"

"హైదరాబాద్, ఇండియా."

"అది పెద్ద పట్నం కదా. నీ సొంత ఊరేది?"

ఇక్కడికొచ్చాక ఈ ప్రశ్న వెయ్యిసార్లు విన్నాను. ఆఫీసులో అడిగితే మర్యాద, బస్సులో అడిగితే కాస్త జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్ అనగానే ఎవరైనా ఆగిపోతారు, లేదా బిర్యానీ అంటారు. దాని వెనక్కి వెళ్ళి ఊరేదని అడిగినవాడు ఈయనొక్కడే. నా దగ్గర జవాబు లేదు.

నాన్న బ్యాంకు ఉద్యోగి. మూడేళ్ళకోసారి బదిలీ. జనగామలో అక్షరాభ్యాసం, కోదాడలో మూడో తరగతి, కామారెడ్డిలో సైకిలు, మంచిర్యాలలో పదో తరగతి. తర్వాత ఇంటర్ హాస్టలు, ఇంజినీరింగ్ హాస్టలు, ఆ తర్వాత అమీర్‌పేటలో రూము. ఏ ఊళ్ళోనూ క్లాసు క్రికెట్ టీములో పర్మనెంటుగా లేను. టీము కుదిరేసరికి లారీ వచ్చేది. మా ఇంటిపేరు ఒక ఊరిపేరే. మనవాళ్ళలో చాలామందికి అంతే కదా. కానీ ఆ ఊరు ఎక్కడుందో నాన్నకి తెలీదు, తాతకీ తెలీదట. ఎప్పుడో ఎవరో అక్కడినుంచి బయల్దేరారు, పేరు మాత్రం మోసుకుంటూ తిరుగుతున్నాం.

తాళాల పెద్దాయనకి ఇదంతా చెప్పలేక "చాలా ఊళ్ళు" అన్నాను. ఆయన జాలిపడినట్టు తలూపాడు. "సర్లే, వాడికిప్పుడు ఒకటుంది" అని హెల్మెట్ మీద తట్టి లోపలికి పంపాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది, చిరాకూ వేసింది. మన దగ్గర "మీదే ఊరు?" అని అడిగేవాడు సగంసార్లు ఊరి గురించి అడగడం లేదు. ఊరు చెబితే ఇంటిపేరు, ఇంటిపేరు చెబితే మీవాళ్ళెవరు, అక్కడినుంచి రెండే మెట్లు, కులం దొరికిపోతుంది. రైల్లో పక్క సీటాయన ఎంత మెత్తగా అడుగుతాడో! ఊరంటే అందరికీ ఒకటే ఊరు కాదని, ఊరూ వాడా వేరువేరని చిన్నప్పుడే చూశాను. కాబట్టి ‘సొంత ఊరు’ అని ఎవరైనా కళ్ళు చెమర్చుకుంటూ రాస్తే నాకు వెంటనే అనుమానం. మన కథల్లో పల్లెటూరి మీద బెంగ ఎక్కువైందని నేనే ఒకట్రెండు సమీక్షల్లో విసుక్కున్నాను. అలాంటివాడిని ఒక గడ్డి మైదానం పక్కన నిలబడి, ఆరేళ్ళ పిల్లలు బంతి వెనకాల గుంపుగా పడుతుంటే, ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తున్నాను.

ఆట గురించి కొంచెం చెప్పాలి. ఒక్కో జట్టుకి పదిహేను మంది. చేతిలో హర్లీ, కొస వెడల్పుగా ఉండే కర్ర. బంతిని స్లిటర్ అంటారు, క్రికెట్ బంతంత ఉంటుంది, పైన కుట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. బంతిని గాల్లోనే కొట్టొచ్చు, నేలమీద కొట్టొచ్చు, చేత్తో పట్టుకుని నాలుగడుగులు వెయ్యొచ్చు, కర్ర కొస మీద నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒకటి. 2010 దాకా పెద్దవాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి కాదు. మొదటిసారి మ్యాచ్ చూసినప్పుడు మా ఆవిడ "వీళ్ళకి అమ్మలు లేరా?" అంది. ఉన్నారు, అందరికంటే గట్టిగా అరుస్తున్నది వాళ్ళే.

నాకు మాత్రం చూడగానే చిర్రగోనె గుర్తొచ్చింది. కోదాడ వైపు కొందరు బిళ్ళంగోడు అనేవాళ్ళు. గాల్లోకి లేచిన చిర్రని ఒక్క క్షణంలో కొట్టడం, ఆ చప్పుడు. ఐర్లండ్ పురాణాల్లో సెటాంటా అనే పిల్లాడు మీదికొచ్చిన వేటకుక్క గొంతులోకి బంతి కొట్టి చంపి, ఆ కుక్క స్థానంలో తనే కాపలా ఉంటానని కూహులిన్ అనే పేరు తెచ్చుకుంటాడు. మన ద్రోణుడి కథ కూడా పిల్లల బంతి బావిలో పడటంతోనే మొదలవుతుంది. పిల్లల ఆటలోకి ఆయుధం ఎలా వస్తుందో రెండు కథలకీ తెలుసు.

హర్లీని యాష్ అనే చెట్టు నుంచి చేస్తారు. చెట్టు మొదలు వేరులోకి తిరిగే చోట కొయ్యలో ఉండే సహజమైన వంపే కర్ర వంపు. మావాడి మొదటి కర్ర పక్క ఊళ్ళో ఒక షెడ్డులో కొన్నాం. చేసేవాడు వాడిని నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమని, తుంటి ఎత్తు చూసి, దర్జీ బట్ట కోసినట్టు కొలిచి ఇచ్చాడు. 2012 నుంచి ఈ దేశంలో యాష్ చెట్లకి ఒక శిలీంధ్రం తెగులు పట్టింది. ఇప్పుడు చాలా కొయ్య బయటి దేశాల నుంచి వస్తోంది. ప్లాస్టిక్ లాంటి పదార్థాలతో చేస్తున్నారు, వెదురుతో కూడా చేస్తున్నారు. తాళాల పెద్దాయనకి ఇవేవీ గిట్టవు. "చప్పుడు తేడా" అంటాడు. వెదురు కర్ర చూస్తే మాత్రం నాకు కొంచెం చుట్టరికం అనిపిస్తుంది, ఆయనకి చెప్పలేదు.

ఇక అసలు విషయం. మనం టీవీలో చూసే ఐపీఎల్‌లో వేలంపాట ఉంటుంది. హైదరాబాద్ జట్టులో హైదరాబాద్ వాళ్ళుండాలనే నియమం లేదు, మనం కూడా ఆశించం. ఇక్కడ పద్ధతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఏ క్లబ్‌లో మొదలుపెడితే అదే నీ ‘హోమ్ క్లబ్’. ఊళ్ళల్లో దానికి గట్టు చర్చి పారిష్. (మన కేథలిక్కులు విచారణ అంటారు. ఆ మాట వింటే నాకు పోలీసులు గుర్తొస్తారు.) ఎవరికీ జీతం లేదు. దేశం మొత్తానికి తెలిసిన ఆటగాడు కూడా సోమవారం పొద్దున బడికెళ్ళి పాఠం చెప్తాడు, లేదా ఎవరింట్లోనో వైరింగ్ చేస్తాడు. బాగా ఆడితే కౌంటీ జట్టుకి పిలుస్తారు, అక్కడ దేశమంతా చూస్తుంది. ఆ సీజన్ అవగానే మళ్ళీ తన ఊరి క్లబ్‌కి వచ్చి, తనతో ఒకటో తరగతి చదివినవాడి పక్కన నిలబడి, పక్క ఊరి మీద ఆడాలి. ఆ ఊళ్ళ మధ్య పోటీయే కౌంటీ ఛాంపియన్‌షిప్.

కార్క్‌లో ఇది 1887లో మొదలైంది. గెలిచినవాళ్ళకిచ్చే కప్పు షాన్ ఓగ్ మర్ఫీ పేరు మీద ఉంటుంది, 1920లలో బ్లాక్‌రాక్‌కి ఆడిన మనిషి. నగరంలోని మూడు పాత క్లబ్బులదే చాలాకాలం రాజ్యం: బ్లాక్‌రాక్, గ్లెన్ రోవర్స్, సెయింట్ ఫిన్‌బార్స్. బ్లాక్‌రాక్ 2020లో గెలిచినప్పుడు అది వాళ్ళకి 33వ కప్పు. కప్పు గెలిచిన రాత్రి ఊరి పొలిమేరలో మంటలు వేస్తారు. భోగిమంటల్లా ఉంటాయి. మర్నాడు కప్పు బడికెళ్తుంది, ముసలివాళ్ళుండే హోముకెళ్తుంది, పబ్బుకి ఎలాగూ వెళ్తుంది. మా క్లబ్ ఇంత పైన ఉండదు. చాలా కింది గ్రేడు. కానీ కింది గ్రేడుకీ ఒక కప్పుంది, దానికీ మంటలున్నాయి. గ్రేడు దిగజారితే ఊళ్ళో చావు జరిగినట్టుంటుంది. అది అతిశయోక్తి అనుకున్నాను, ఒక శరదృతువులో చూశాను. బేకరీలో కూడా ఎవరూ మాట్లాడలేదు.

2024 అక్టోబరులో తాళాల పెద్దాయన మమ్మల్ని కౌంటీ ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. ఇమోకిలీకీ సార్స్‌ఫీల్డ్స్‌కీ మధ్య. సార్స్‌ఫీల్డ్స్ అంతకుముందు ఏడాది విజేతలు. ఇమోకిలీ క్లబ్ కాదు, మా తూర్పు ప్రాంతం మొత్తానికి పాత బారనీ పేరు. పై గ్రేడులో లేని చిన్న క్లబ్బుల కుర్రాళ్ళని ఏరి కట్టే జట్టు. మా క్లబ్‌లాంటి దాంట్లో పుట్టిన మంచి ఆటగాడు ఆ పెద్ద కప్పు ముట్టుకోవాలంటే ఇదొక్కటే దారి.

రైల్లో కెంట్ స్టేషన్ దాకా వెళ్ళి, నది పక్కన మెరీనా వైపు నడిచాం. స్టేడియం పేరు పార్క్ ఈ క్వీవ్. (రాసేదొకటి, పలికేదొకటి. ఐరిష్ భాష స్పెల్లింగులు చూశాక నాకు తెలుగు లిపి మీద గౌరవం పెరిగింది.) నలభై అయిదు వేలమంది పట్టే స్టేడియం, సగం కూడా నిండలేదు. పెద్దాయన ఫ్లాస్కులో టీ, వెండి కాగితంలో చుట్టిన శాండ్‌విచ్‌లు తెచ్చాడు. తనకి పంది మాంసంవి, మాకు చీజ్‌వి. ఇండియన్లంటే శాకాహారులని ఎవరో చెప్పారట. ఆదివారం మటన్ లేకపోతే మా ఇంట్లో గొడవని చెప్పడానికి మనసొప్పలేదు.

జనం ఎలా మాట్లాడుకుంటారో వినడం నాకు ఆటకంటే ఎక్కువ నచ్చింది. బంతి ఎవరి దగ్గరికెళ్తే వాళ్ళ వంశవృక్షం బయటికొస్తుంది. వీడి తాత గోలీ, వీడి మేనమామ ఫలానా ఏడాది ఫ్రీ మిస్ చేశాడు, వీడి అమ్మ కమోగీ ఆడేది, అదే ఆట ఆడవాళ్ళది. ఒక కుర్రాడు సులువైన పాయింటు బయటికి కొట్టాడు. మా వెనక ఒకడు తిట్టబోయి ఆగిపోయాడు. రెండు వరసల ముందు ఆ కుర్రాడి నాన్న కూర్చున్నాడని పక్కవాడు చూపించాడు. టీవీలో కోహ్లీని తిట్టినంత తేలిక కాదిక్కడ.

ఇమోకిలీ గెలిచింది. మావాడు గొంతు పోయేలా అరిచాడు. ఇంటికొచ్చే రైల్లో పెద్దాయన ఒక తమాషా చెప్పాడు. కౌంటీ గెలిచిన క్లబ్ పైన మన్‌స్టర్ ప్రావిన్స్ పోటీకి వెళ్తుంది. కానీ ఇమోకిలీ క్లబ్ కాదు కాబట్టి వెళ్ళకూడదు. ఓడిన సార్స్‌ఫీల్డ్స్ వెళ్తుంది. నేను నవ్వాను. ఈ రూలు రాసినవాడికి కోడ్ రివ్యూ జరగలేదని మనసులో అనుకున్నాను. అదే సార్స్‌ఫీల్డ్స్ డిసెంబరు మొదట్లో వాటర్‌ఫర్డ్ ఛాంపియన్ బాలీగన్నర్‌ని ఓడించి మొదటిసారి మన్‌స్టర్ కప్పు ఎత్తింది. జనవరిలో క్రోక్ పార్క్‌లో డబ్లిన్ క్లబ్ నా ఫియనా చేతిలో ఆలిండియా, క్షమించాలి, ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఓడిపోయింది. "గెలిచినవాళ్ళు ఇంట్లో కూర్చుంటే ఓడినవాళ్ళు కప్పు తెచ్చారు, ఇదేం న్యాయం?" అని అడిగాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, "ఇమోకిలీకి సొంత మైదానం లేదు, శ్మశానం లేదు. అది ఊరు కాదుగా" అన్నాడు.

శ్మశానం మాట ఊరికే అనలేదు. ఇక్కడ క్లబ్ మనిషి ఎవరైనా పోతే జట్టంతా జెర్సీలేసుకుని దారికి రెండువైపులా నిలబడతారు. శవపేటిక మీద కర్ర పెడతారు. ఆ ఏడాది నేనూ ఒకసారి అలా నిలబడ్డాను, జెర్సీ లేదు కాబట్టి క్లబ్ జాకెట్ వేసుకుని. పోయినావిడ ముప్ఫై ఏళ్ళు జట్టు బట్టలు ఉతికిందట. ఆవిడతో నేను ఒక్కసారే మాట్లాడాను, వాన గురించి.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే నేను విసుక్కున్న రచయితల్లో నేనూ చేరతాను. ఈ ఆటని నడిపే సంస్థ జీఏఏ, 1884 నవంబరు 1న థర్లెస్‌లో ఒక హోటల్లో పుట్టింది. స్థాపించినవాళ్ళలో ముఖ్యుడు మైకేల్ క్యూసాక్. ఆయన నాకు అంతకుముందే పరిచయం, జాయిస్ ‘యులిసిస్’ పన్నెండో అధ్యాయంలో. సారాకొట్లో కూర్చుని బ్లూమ్‌ని నీదసలు ఏ దేశమని నిలదీసి, చివరికి బిస్కెట్ డబ్బా విసిరే ‘సిటిజన్’ పాత్రకి మూలం ఆయనే అంటారు. బ్లూమ్ యూదు కుటుంబంలోవాడు, పుట్టింది డబ్లిన్‌లోనే. క్యూసాక్‌కి జాయిస్ అన్యాయం చేసుండొచ్చు. కానీ ఆ ప్రశ్నని మాత్రం సరిగ్గానే విన్నాడనిపిస్తుంది. 1971 దాకా జీఏఏలో ఒక నిషేధం ఉండేది: ఫుట్‌బాల్, రగ్బీ, హాకీ, క్రికెట్ లాంటి ‘పరాయి’ ఆటలు ఆడినా, చూసినా సస్పెన్షన్. డగ్లస్ హైడ్ దేశాధ్యక్షుడి హోదాలో 1938లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాడని ఆయన్ని సంస్థ పోషకుల జాబితా నుంచి తీసేశారు! నా ఫోన్లో ఇండియా-ఆస్ట్రేలియా స్కోరు చూసి తాళాల పెద్దాయన ఒకసారి, "నా చిన్నప్పుడైతే దీనికి నన్ను ఆర్నెల్లు బయట కూర్చోబెట్టేవాళ్ళు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఊరంటే ఎవరు లోపల అనే లెక్కతో పాటు ఎవరు బయట అనే లెక్క కూడా అని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిని దారుణంగా కొట్టారు. తర్వాత మరికొన్ని దాడులు. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. మా ఆవిడ సాయంత్రం నడక మానేసింది. వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, వెనక్కి వెళ్ళిపోదామా అని. మా ఊళ్ళో ఏమీ జరగలేదు. కానీ ఆ నెలలో ఒక పిల్లల మ్యాచ్‌లో మావాడు గోల్ కొడితే, అవతలి గీత దగ్గర ఒకాయన "ఆ పిల్లాడెవరి తాలూకు?" అన్నాడు. కార్క్‌లో ఇది మామూలు ప్రశ్నే. ఎవరి కొడుకు, ఏ ఇంటివాడు అని. మామూలుగా అడిగాడో, ఇంకోలా అడిగాడో నాకిప్పటికీ తెలీదు. నా వీపు మాత్రం బిగుసుకుంది. తాళాల పెద్దాయన తలతిప్పకుండా "మావాడే" అన్నాడు. ఆ రోజు వెళ్ళేటప్పుడు, ఆఫీసు నుంచి రాత్రి రైలుకి వస్తే ఫోన్ చెయ్యమని, స్టేషన్‌కి కారు తెస్తానని అన్నాడు. వార్తల గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

సెప్టెంబరులో ఇంటి ఓనరు ఇల్లు అమ్మేస్తున్నానని కాగితం పంపాడు. మర్యాదస్తుడే, గడువు చట్టప్రకారం ఇచ్చాడు. ఐర్లండ్‌లో ఇళ్ళ కరువు గురించి తెలియనివాళ్ళుండరు. మా ఊళ్ళో అద్దెకి ఒక్క ఇల్లు లేదు. కొనాలంటే మా బడ్జెట్‌లో దొరికినవన్నీ నగరానికి అటువైపు, పడమరన, నలభై కిలోమీటర్ల అవతల. మా ఆవిడకి అది ఆఫీసుకి దగ్గర కూడా.

రూలు ప్రకారం వాడు క్లబ్ మారక్కర్లేదు. మొదట చేరిన క్లబ్ వాడిదే. కానీ వారానికి రెండు ప్రాక్టీసులు, ఒక మ్యాచ్, నగరం నడిబొడ్డునుంచి ట్రాఫిక్కులో వెళ్ళిరావాలి. లేదా కొత్త ఊరి క్లబ్‌కి బదిలీ అడగాలి. దానికో దరఖాస్తు ఉంటుంది. బదిలీ! ఆ మాట వింటే నాకు మా ఇంటిముందు ఆగిన లారీ, తాడేసి కట్టిన బీరువా, పక్కింటావిడ ఇచ్చిన పులిహోర గుర్తొస్తాయి. నేను వాడిని ఎలాగైనా తిప్పుతానన్నాను, వారానికి మూడుసార్లయినా సరే. ఇంట్లో గొడవైంది.

"వాడికి తొమ్మిదేళ్ళు. వారంలో కొత్త ఫ్రెండ్సొస్తారు. వదల్లేకపోతోంది వాడు కాదు, నువ్వు. నీకు లేని ఊరు వాడి నెత్తిన ఎందుకు పెడతావ్?" అంది.

నాన్నకి ఫోన్ చేస్తే ఆయన కూడా అటే. "మిమ్మల్ని అన్ని ఊళ్ళు తిప్పాను, ఏమైందిరా? బానే ఉన్నారుగా" అన్నాడు. ఏం చెప్పాలి? బానే ఉన్నాం.

తాళాల పెద్దాయనకి చెప్పడానికి రెండువారాలు తాత్సారం చేశాను. చెప్పాక ఆయన ఏమీ అనకుండా, ఆదివారం ఖాళీయేనా అని అడిగి, మమ్మల్ని కారెక్కించుకుని క్లోయిన్ తీసుకెళ్ళాడు. ఇరవై నిమిషాల దూరం. పాత కెథెడ్రల్, ఎత్తయిన గుండ్రటి రాతి బురుజు, ఒకే పెద్ద వీధి. అక్కడ కూడా క్రిస్టీ రింగ్ విగ్రహం ఉంది. 1920లో పుట్టిన ఊరు.

రింగ్ కార్క్ కౌంటీకి ఆడి ఎనిమిది ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచాడు. అది అందరూ చెప్తారు. కౌంటీ ఛాంపియన్‌షిప్ పతకాలు పద్నాలుగు, అదీ చెప్తారు. ఆ పద్నాలుగూ క్లోయిన్‌కి ఆడి గెలిచినవి కావని మాత్రం నాకెవరూ చెప్పలేదు. 1941లో ఆయన క్లబ్ మారి నగరంలోని గ్లెన్ రోవర్స్‌కి వెళ్ళాడు. అప్పటికి గ్లెన్ వరసగా ఏడేళ్ళుగా గెలుస్తోంది, ఆ ఏడాదితో ఎనిమిది. బతుకుతెరువుకి నగరంలో లారీ నడిపేవాడు. క్లోయిన్ మాత్రం ఇప్పటిదాకా ఆ కప్పు ఒక్కసారి కూడా గెలవలేదు. 2004, 2005, 2006లో వరసగా మూడు ఫైనల్స్ ఆడింది, ముగ్గురు వేరువేరు ప్రత్యర్థుల చేతిలో మూడూ ఓడింది. కార్క్ జట్టులో పేరుమోసిన డోనల్ ఓగ్ క్యూసాక్, డెర్మిడ్ ఓసలివన్ లాంటివాళ్ళు ఉండి కూడా!

"వెళ్ళిపోయాడని ఊళ్ళో కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకుండా ఉంటుందా!" అన్నాడు. "మా నాన్న తరం వాళ్ళు చాలాకాలం దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు."

1979 మార్చిలో రింగ్ చనిపోయాడు. అప్పటి ప్రధాని జాక్ లించ్, ఆయనా గ్లెన్ రోవర్స్ ఆటగాడే, సమాధి దగ్గర మాట్లాడాడు. ఆ సమాధి క్లోయిన్‌లోనే ఉంది. పెద్దాయన కుర్రవయసులో ఆ జనంలో ఉన్నాడట. నగరం నుంచి క్లోయిన్ దాకా దారి పొడుగునా మనుషులేనని చెప్పాడు. మావాడు విగ్రహం కింద నిలబడి రింగ్ కర్ర పట్టుకున్న తీరు చూసి, తన పట్టు సరిచూసుకుంటున్నాడు. పెద్దాయన ఇంకేమీ అనలేదు. వెళ్ళమనీ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. తిరిగొస్తూ దారిలో చిప్స్ కొనిచ్చాడు.

నవంబరులో ఒక శనివారం పడమటి ఊళ్ళో ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. ఊరి మొదట్లోనే క్లబ్ మైదానం. మావాడు కారు అద్దంలోంచి జెర్సీ రంగులు చూసి, "నాన్నా, వీళ్ళు మమ్మల్ని బ్లిట్జ్‌లో ఓడించారు" అన్నాడు. ఆ గొంతులో ఉన్న పగ చూసి మా ఆవిడకి నవ్వాగలేదు. ఇల్లు బావుంది. వంటగదిలోకి ఎండ వస్తుంది, వెనక చిన్న గోడ ఉంది, బంతి కొట్టుకోవడానికి పనికొస్తుంది. పక్కింటాయన కంచె మీంచి పలకరించాడు. వాతావరణం అయింది. తర్వాత, "మీదెక్కడ?" అన్నాడు.

నేను హైదరాబాద్ అనడానికి నోరు తెరిచేలోపు మావాడు మా ఊరి పేరు చెప్పాడు. క్లబ్ పేరుతో సహా.

పక్కింటాయన కనుబొమలు పైకెత్తాడు. "ఓహో, ఆ గుంపా!" అని, వాళ్ళ క్లబ్‌కీ మా క్లబ్‌కీ మధ్య ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కింద జరిగిన ఒక జూనియర్ మ్యాచ్, చివరి నిమిషంలో రిఫరీ ఇచ్చిన ఒక ఫ్రీ గురించి పావుగంట చెప్పాడు. ఆ ఫ్రీ ఇవ్వాల్సింది కాదట. మావాడు ఇవ్వాల్సిందేనన్నాడు. వాడు పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి.

ఇల్లు కొనడం ఇక్కడ వేలంపాట లాంటిదే. మేం ఒక అంకె చెప్పాం, ఎవరో ఇంకో అయిదువేలు ఎక్కువ చెప్పారు, మేం ఇంకో మూడువేలు కలిపాం. ఏజెంటు సోమవారం ఫోన్ చేస్తానన్నాడు. బదిలీ దరఖాస్తు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను, నింపలేదు. వాడి కర్రకి కొస దగ్గర ఇనప పట్టీ వదులైంది. తాళాల పెద్దాయన బిగించి ఇస్తానని తీసుకెళ్ళాడు, మంగళవారం ప్రాక్టీసుకి తెస్తాడు.